పొదుపు ఎవరి కంచములోనుండి?



పొదుపు మంచిదని చెప్పుటకు ఒక వ్యాసము అవసరము లేదు. మన పత్రిక చేరే ఇళ్లలో ఆ సంగతి తెలియనివారు లేరు. ఒక ట్రంకుపెట్టె, ఒక చాప, రెండు గిన్నెలతో షోలాపూరుకో, బొంబాయికో, కోలారు గనులకో, మద్రాసుకో, బరంపురానికో వలస వచ్చిన పెద్దలు పైసా పైసా కూడబెట్టకపోతే ఈనాడు మన పిల్లలకు చదువులూ లేవు, తల మీద కప్పూ లేదు. అందుచేత పొదుపు మాట వచ్చినప్పుడల్లా మనము ఒకే ప్రశ్న అడుగుతాము: "ఎంత మిగిల్చావు?"

దానితోపాటు ఇంకొక ప్రశ్న కూడా అడగవలెనని నా మనవి. "మిగిలినది ఎవరు మానుకొన్నందువలన మిగిలింది?" ఈ రెండవ ప్రశ్న అడగకుండా ఒకరిని పొదుపరి అని మెచ్చుకోవడము తొందరపాటు. ఎందుకంటే సద్గుణముగా కనిపించే పొదుపులో ఒక్కొక్కసారి అన్యాయము దాగి ఉంటుంది. ఆ తేడా ఎక్కడున్నదో నెమ్మదిగా ఆలోచిద్దాము.

ముందుగా, పొదుపు ఎందుకో మరచిపోకూడదు. 1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లులలో సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు పని మానారు. వారిలో తెలంగాణ జిల్లాలనుండి వెళ్లినవారు ఎందరో. అనేకమందికి ఆ ఉద్యోగము మరల రాలేదు. 2001లో కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. నూరేళ్లకు పైబడి నడిచిన గని నిలిచిపోయేసరికి, దానిని నమ్ముకొన్న ఇళ్లలో మగవారు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరులో పని వెదుక్కోవలసి వచ్చింది. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌను వచ్చినప్పుడు రోజు కూలీ మీద బ్రతికేవారికి ఒక్క రాత్రిలో ఆదాయము ఆగిపోయింది. ఈ మూడు సందర్భాలలోనూ ఇంటిలో నాలుగు నెలల బియ్యము, చేతిలో కొంచెము పైకము ఉన్నవారు నిలదొక్కుకొన్నారు. లేనివారు వడ్డీవ్యాపారి గుమ్మము ఎక్కారు. కాబట్టి పొదుపు వద్దని నేను చెప్పడము లేదు. వలస వచ్చినవానికి పొలము లేదు, పుట్టువు లేదు, అన్నదమ్ముల అండ దూరము. అతనికి పొదుపే బంధువు.

మూడు విధాల మిగులు

ఉపాధ్యాయ శిక్షణలో మాకు ఒక పద్ధతి నేర్పారు. పిల్లవాడు లెక్క చేస్తే అడుగున ఉన్న జవాబు మాత్రమే చూసి మార్కు వేయకూడదు. ఏ వరుసలో చేశాడో పైనుండి క్రిందకు చూడవలెను. జవాబు సరిగానే ఉండి, పక్కవాని పలకలోనుండి దించుకొన్నది కూడా కావచ్చు గదా! పొదుపు లెక్క కూడా అట్లాగే చూడవలెను. నెలాఖరున వెయ్యి రూపాయలు మిగిలినవనుకొందాము. అవి మూడు విధాలుగా మిగిలి ఉండవచ్చును.

మొదటిది, వృథాను ఆపినందువలన మిగిలినది. ఇంటిలో పాతకాలపు 60 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్ల కరెంటు కాలుతుంది. దాని బదులు 9 వాట్ల ఎల్‌ఇడి బల్బు పెడితే ఒకటిన్నర యూనిటు కూడా కాలదు. వెలుతురు తగ్గదు. కందిపప్పు గంట ముందు నానబెట్టి వండితే గ్యాసు కలిసి వస్తుంది, పప్పు రుచి తగ్గదు. బీపీకి, షుగరుకు డాక్టరుగారు వ్రాసిన మందునే కంపెనీ పేరుతో కాక అసలు మందు పేరుతో వ్రాయించుకొని, 2008లో మొదలైన జన ఔషధి దుకాణాలలో కొంటే చాలా తక్కువకు దొరుకుతుంది. రోగము తగ్గడములో తేడా ఉండదు. ఇట్లాంటి పొదుపులో ఎవరి నోరూ కట్టినట్టు కాదు. ఇది తెలివి. దీనిని ఎంత చేసినా మంచిదే.

రెండవది, నేను మానుకొన్నందువలన మిగిలినది. ఒకాయన రోజుకు రెండుసార్లు హోటలులో పది రూపాయల టీ త్రాగడము మానుకొన్నాడనుకోండి. సంవత్సరానికి 7,300 రూపాయలు. ఇంకొకామె పండుగకు కొత్త చీర మానుకొని, ఆ డబ్బు చెల్లెలి కూతురి పరీక్ష ఫీజుకు కట్టింది. ఇక్కడ కోరిక ఆమెది, మానుకొన్నదీ ఆమే. ఇది త్యాగము. దీనికి మనము తల వంచవలెను.

మూడవది, ఎదుటివారిచేత మానిపించినందువలన మిగిలినది. సరుకుల ధరలు పెరిగినా ఇల్లు గడుపుకొమ్మని ఇల్లాలికి మూడేళ్లనాటి పైకమే ఇచ్చి, తన పాస్‌బుక్కులో అంకె పెరుగుతున్నదని సంతోషించే యజమాని ఉన్నాడు. పనిమనిషి జ్వరముతో రాని మూడు రోజులకు జీతము కోసి, దానిని పొదుపు అనుకొనే ఇల్లాలు ఉన్నది. కుమారుని ఇంజనీరింగు సీటు కోసము కుమార్తె చదువు ఇంటరుతో ఆపించే తండ్రి ఉన్నాడు. "ఈ వయసులో ఆపరేషను ఎందుకులే" అని తల్లి కంటిలోని శుక్లాన్ని ఏడాదికేడాది వాయిదా వేసే కొడుకు ఉన్నాడు. కుట్టుకూలి ఇవ్వవలసిన దర్జీని నాలుగుసార్లు త్రిప్పి, ఐదవసారి యాభై తగ్గించి ఇచ్చేవారూ ఉన్నారు. వీరందరూ ఖర్చు తగ్గించినవారే. అయితే వారు తగ్గించినది తమ ఖర్చు కాదు, ఎదుటివారి అవసరము.

బ్యాంకు పుస్తకములో ఈ మూడు విధాలూ ఒకే అంకెగా కనబడతాయి. వెయ్యి అంటే వెయ్యే. అందుకనే అడుగున ఉన్న జవాబు చూస్తే చాలదు, వరుస చూడవలెనని అన్నాను. మొదటిది తెలివి, రెండవది త్యాగము. మూడవదానికి పొదుపు అనే పేరు చెల్లదు. అది బలహీనుని చేతిలోనుండి తీసుకొనడమే. అడిగే శక్తి అతనికి లేదు గనుక అది దొంగతనముగా కనిపించదు.

ధాత కరువు చెప్పిన పాఠము

ఈ తేడా ఇంటికి మాత్రమే కాదు, రాజ్యానికి కూడా వర్తిస్తుంది. మన సంఘాల పుట్టుకతో ముడిపడిన ఒక చరిత్ర ఇందుకు నిదర్శనము.

1873–74లో బీహారు ప్రాంతములో కరవు వచ్చింది. అప్పుడు సర్ రిచర్డ్ టెంపుల్ అనే ఆంగ్ల అధికారి బర్మానుండి బియ్యము తెప్పించి ధారాళముగా పంచాడు. ఆకలిచావులు బహు కొద్ది. అయితే ఖర్చు మితిమీరినదని ఆయనను ప్రభుత్వములోనివారూ, ఇంగ్లండులోని పత్రికలూ తప్పుపట్టాయి. అంతమంది ప్రాణాలు నిలబెట్టినందుకు ఆయనకు వచ్చిన బిరుదు దుబారా మనిషి!

1876లో దక్షిణ దేశములో వానలు తప్పాయి. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొన్నది ఇదే. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ప్రభువు అదే టెంపుల్‌ను మద్రాసు రాజధానికి పంపించాడు. ఈసారి ఆయన బీహారులో పడిన మాట మరచిపోలేదు. కరవు పనులలో మట్టి మోసే మనిషికి రోజుకు పౌనున్నర ధాన్యము కొనగలిగే కూలి ఇస్తుండగా, దానిని ఒక పౌనుకు, అంటే సుమారు 450 గ్రాములకు, మరి కొద్ది పైకానికి తగ్గించాడు. ఆ తిండితో కష్టపు పని చేసే మనిషి నిలువలేడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించాడు. చివరకు మద్రాసు ప్రభుత్వము కూలి పెంచింది. ఈలోగా కాలము గడిచిపోయింది. కాగితము మీద ఖర్చు తగ్గింది. తగ్గినది మాత్రము కూలివాని కంచములో. ఆ సంవత్సరమే జనవరి 1వ తేదీన ఢిల్లీలో విక్టోరియా రాణిని భారతదేశ చక్రవర్తినిగా చాటే దర్బారు మహావైభవముగా జరిగిందని కూడా గుర్తుంచుకోవలెను. ఒకచోట గ్రాములు లెక్క, మరొకచోట లెక్కే లేదు.

ఆ కరవులోనే క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకము కాంట్రాక్టుకు తీసుకొని ఒంగోలు ప్రాంతపు బీదలకు పని కల్పించిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ కాలువగట్టు మీద మట్టి తట్టలు మోసి బ్రతికినవారి సంతతి మనలో కొందరు. పైనున్నవాడు పొదుపు అని పిలిచినది క్రిందివాని కడుపుకు ఏమవుతుందో మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు.

టెంపుల్ చెడ్డమనిషి కాడు. బీహారులో ఆయనే కదా అన్నము పెట్టింది! మెచ్చుకొనేవారు ఏది మెచ్చుకొంటారో దానిని బట్టి ఆయన మారిపోయాడు. మనము కూడా "ఎంత మిగిల్చావు?" అని మాత్రమే అడిగితే, మన పిల్లలూ, మన కోడళ్లూ, మన సంఘ కోశాధికారులూ అట్లాగే మారిపోతారు.

పిడికెడు బియ్యము ఎక్కడ తీయవలెను?

ఇప్పుడు మన వంటింటిలోనికి వద్దాము. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. అదే వయసు పురుషులలో నూటికి 25 మందికి. దీనికి కాన్పులు, నులిపురుగులు, నెలసరి మొదలైన కారణాలు అనేకము ఉన్నవి. అయితే అందరూ తిన్న తర్వాత మిగిలినదే ఇల్లాలి భోజనము అనే అలవాటు ఇందులో ఏమీ లేదని ఎవరనగలరు? చేప ముక్కలు ఐదు ఉండి మనుష్యులు ఆరుగురుంటే, ముక్క లేని కంచము ఎవరిదో అడగకుండానే మనకు తెలుసు.

మన సంఘాలలో పిడికెడు బియ్యపు కానుక ఉన్నది. మిజోరములోని సంఘాలలో కూడా 1910 నుండి ఇట్లాంటి పద్ధతి నడుస్తున్నది. అక్కడి స్త్రీలు పూట పూటకు తీసి ఉంచిన బియ్యముతో ఎంతో సేవ జరిగింది. పూటకు 50 గ్రాములు చొప్పున రెండు పూటలా తీస్తే నెలకు 3 కిలోలు, సంవత్సరానికి 36 కిలోలు. చిన్న చేతితో పెద్ద పని ఇది.

ఇందులో ఒక సూక్ష్మము ఉన్నది. ఇల్లాలు డబ్బాతో బియ్యము కొలిచి, ఆ కొలిచిన దానిలోనుండి పిడికెడు తీసి వేరే కుండలో వేస్తే, ఆ పిడికెడు ఇంటిల్లిపాదిదీ. వండిన అన్నము ఆ మేరకు అందరికీ కొంచెము తగ్గుతుంది. ఎవరికీ బాధ తెలియదు. కాని భర్తకూ పిల్లలకూ ఎప్పటివలెనే నిండుగా వడ్డించి, తగ్గిన అన్నము చివర తన కంచములో చూసుకొంటే, ఆ కానుక ఆమె ఒక్కతెది. కుండలో పడిన బియ్యము ఒకటే. కుటుంబము పేరు చదివి చేతులు తట్టేదీ ఒకటే. ఇచ్చినవారు మాత్రము వేరు. అందుకని నా సలహా: పిడికెడు తీసిన పూట వడ్డన మొదట ఆమె కంచములో పడవలెను. ఇది వినుటకు చిన్న మాట. మన ఇళ్లలో ఎన్నింటిలో జరుగుతుందో ఆలోచించండి.

కొందరు అంటారు: "అమ్మ తాను తినక మాకు పెట్టింది. అది ప్రేమ. దానిని లెక్కలోనికి లాగకూడదు." నిజమే, అది ప్రేమే. ఆ ప్రేమను నేను తక్కువ చేయడము లేదు. అయితే ప్రేమతో ఇచ్చినదానికీ, ఇయ్యక తప్పనిసరియైనదానికీ తేడా కనుక్కోవడము ఎట్లా? ఒక్కటే గుర్తు. ఈ పూట "నేను ఇవ్వను" అని చెప్పగలిగే స్వాతంత్ర్యము ఆమెకు ఉన్నదా? ఉంటే అది త్యాగము. లేకపోతే దానిని త్యాగమని పొగడడము మనకు సుఖముగా ఉంటుంది, అంతే.

2016 నవంబరు 8న అయిదు వందల, వెయ్యి రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు మన ఇళ్లలో ఒక రహస్యము బయటపడింది. పోపుల డబ్బాలలోనుండి, చీరల మడతలలోనుండి, బియ్యపు డ్రమ్ముల అడుగునుండి నోట్లు బయటకు వచ్చాయి. మగవారు నవ్వారు. "ఇంత దాచావా!" అన్నారు. నవ్వవలసిన సంగతి కాదది. ఆమె ఎందుకు దాచవలసి వచ్చింది? బయట పెడితే అది తనది కాకుండా పోతుందని ఆమెకు తెలుసు గనుక. తన కడుపు మాడ్చుకొని కూడబెట్టినదాని మీద తనకే హక్కు లేదని తెలిసినవారే దాచుకొంటారు.

దీనికి మారుగా నెల్లూరు జిల్లాలో ఒక మంచి మార్గము కనబడింది. 1992లో దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమము రాష్ట్రమంతటా ప్రాకి, 1993 అక్టోబరు 1నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధము వచ్చింది. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లా స్త్రీలు రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు సంఘాలు పెట్టుకొన్నారు. ఈ వరుస గమనించండి. మొదట కుటుంబము కంచములోనుండి సారా దుకాణానికి పోతున్నదానిని ఆపారు. ఆ తర్వాతనే రూపాయి ప్రక్కన పెట్టారు. దాచుకోలేదు, పదిమందిలో కూర్చొని పుస్తకములో వ్రాసుకొన్నారు. అది బయటి లెక్క. ఎవరు ఎంత వేశారో, ఎవరు ఎంత తీసుకొన్నారో అందరికీ కనబడేది.

ఊళ్లో తాళము వేసిన ఇల్లు

వలస వచ్చిన మనకు ప్రత్యేకమైన పొదుపు ఒకటి ఉన్నది. స్వగ్రామములో ఇల్లు కట్టాలి. పది పన్నెండేళ్లు కడుపు కట్టుకొని కడతాము. గృహప్రవేశానికి ఊరంతటికీ భోజనాలు పెడతాము. తర్వాత తాళము వేసి, ఇక్కడికి వచ్చి పది అడుగుల గదిలో ఆరుగురము పడుకొంటాము. సంవత్సరానికి ఒకసారి క్రిస్మసు సెలవులకో, వేసవి సెలవులకో ఆ తాళము తీస్తాము. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అన్న సామెతకు ఇది దగ్గరగా లేదా?

ఊరి మీద మమకారము తప్పు కాదు. పని పోయిన నాడు తిరిగి వెళ్లుటకు ఒక చోటు ఉండవలెనని ఆశించడమూ తప్పు కాదు. గనులు మూతపడినప్పుడు ఆ చోటు లేనివారి కష్టము మనము చూశాము. కాని ఆ ఇంటి గోడలలో ఇటుకలతోపాటు ఏమేమి పేర్చామో ఒకసారి లెక్క చూడవలెను. చిన్నవానికి కళ్లజోడు ఆలస్యమైనది అందులో ఉన్నది. పెద్దదానికి చదువుకొనుటకు ఒక మూల లేకపోవడము అందులో ఉన్నది. వారిని ఎవరైనా అడిగారా? వారు ఆ ఊళ్లో ఎన్నడూ కాపురముండరు. ఊళ్లో మనకు గౌరవము కావలసి వచ్చింది. దాని వెలలో కొంత పిల్లలచేత కట్టించాము.

ఇంకొక సంగతి. మహారాష్ట్రలో స్త్రీ పేరున ఇల్లు కొంటే స్టాంపు డ్యూటీలో ఒక శాతము తగ్గించే రాయితీ 2021 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చింది. భార్య పేరున కొనడము మంచిదే. కాని రాయితీకి ఆమె పేరు, కాగితాలు ఎవరి బీరువాలో ఉండవలెనో, ఆ ఇంటి మీద అప్పు తీయవలెనో వద్దో మాత్రము ఆయన నిర్ణయము అయితే, అక్కడ కూడా ఆమె పేరును వాడుకొని మిగుల్చుకొన్నట్లే గదా!

చీటీల సంగతి కూడా అంతే. బీడీలు చుట్టి భార్య తెచ్చిన డబ్బును, ఎక్కువ వడ్డీ వస్తుందని భర్త ఎవరో తెలిసినవారి చీటీలో వేస్తాడు. చీటీ నడిపినవాడు రాత్రికి రాత్రి ఊరు విడిచిపోతాడు. కూడబెట్టినది ఒకరు, పోగొట్టినది మరొకరు. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టము క్రింద రిజిస్టరు అయినదా కాదా అని అడుగుటకు సిగ్గు పడకూడదు. బ్యాంకులో వేసుకొన్న డిపాజిట్లకు ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల వరకు 2020 ఫిబ్రవరి నుండి బీమా ఉన్నది. వడ్డీ తక్కువైనా కష్టార్జితము నిలుస్తుంది. ఎక్కడ వేయవలెనో నిర్ణయించేటప్పుడు మానుకొన్న మనిషి మాట ముందు వినవలెను.

సంఘపు లెక్క

ఇల్లు దిద్దుకొన్న తర్వాత సంఘము వైపు కూడా చూద్దాము. వార్షిక సమావేశములో కోశాధికారి లెక్క చదువుతారు. నిర్మాణ నిధిలో ఇంత నిలువ అనగానే అందరమూ సంతోషిస్తాము. మంచిదే. అయితే ఆ నిలువ ఎట్లా పెరిగింది? దేవాలయము ఊడ్చి, కుర్చీలు వేసి, దీపాలు ఆర్పి తాళము వేసే మనిషి జీతము ఎన్నేళ్ల క్రితము పెంచాము? పాస్టరుగారి పిల్లల స్కూలు ఫీజు పెరిగినంతగా ఆయన జీతము పెరిగిందా? విధవరాళ్ల సహాయపు పద్దు క్రింద పెట్టిన సొమ్ము ఖర్చు కాకుండా మిగిలిందంటే, మన మధ్య విధవరాళ్లు లేరని అర్థమా, వారు అడుగుటకు సిగ్గుపడ్డారని అర్థమా?

యోహాను సువార్త 12వ అధ్యాయములో అత్తరు సంగతి మనకు తెలుసు. మూడు వందల దేనారాలు అంటే కూలివాని సుమారు ఏడాది సంపాదన. దానిని ఒక స్త్రీ తన ఇష్టముతో ధారపోసింది. వృథా అని లెక్కలు తీసినవాడు సంచి పట్టుకొన్న మనిషి. బీదల పేరు చెప్పాడు, బీదల మీద చింత లేదు. పొదుపు మాట ఎవరి నోట వస్తున్నదో, ఎవరి సొమ్మును గూర్చి వస్తున్నదో చూడమని ఆ సంగతి మనకు నేర్పుతుంది.

అదే సువార్త 6వ అధ్యాయములో రొట్టెల అద్భుతము ఉన్నది. మిగిలిన ముక్కలు పారవేయకుండా ఎత్తించడము గూర్చి మనము ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాము. పన్నెండు గంపలు నిండాయి. దేవుని కుమారుడే వృథాను సహించలేదు అని చెప్పుకొంటాము. సరియే. కాని ఆ ఎత్తడము ఎప్పుడు జరిగింది? వేలమంది పచ్చిక మీద కూర్చొని, కావలసినంత తిని, తృప్తిపడిన తర్వాత. ముందుగా పన్నెండు గంపలు ప్రక్కన పెట్టి, మిగిలినది జనానికి పంచలేదు. పొదుపుకు ఆ వరుస ఎంతో ముఖ్యము. ముందు అవసరము తీరవలెను, తర్వాత మిగిలినది జాగ్రత్త పడవలెను.

అయితే బీదవాడు ఏమి చేయవలెను?

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉన్నది. "మీరు చెప్పేది జీతాలు బాగుగా వచ్చేవారికి సరిపోతుంది. నెలకు పదిహేను వేలతో నలుగురిని పోషించే ఇంటిలో ముందు అందరికీ తృప్తి కలిగించి, ఆ తర్వాత మిగుల్చుట అంటే ఎన్నటికీ మిగలదు. అందరూ కొంత మానుకోవలసిందే. పిల్లలకు కూడా మానుకోవడము నేర్పవలసిందే." ఈ మాటలో నిజము ఉన్నది. బీద ఇంటిలో మానుకోవడము తప్పదు. అడిగినదల్లా కొనిపెట్టిన పిల్లవాడు రేపు చిన్న కష్టానికే కూలబడతాడు.

కాని, అందరూ మానుకోవడము వేరు, అందరి తరఫున ఒకరు మానుకోవడము వేరు. మొదటిదానికి మూడు గుర్తులు ఉంటాయి.

ఒకటి, తెలియవలెను. దేనికోసము కూడబెడుతున్నామో ఇంటిలో ప్రతి ఒక్కరికీ చెప్పవలెను. పదేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది. "ఈ సంవత్సరము కొత్త సైకిలు లేదు, తాతగారి కంటి ఆపరేషను ఉన్నది" అని చెప్తే పిల్లలు ఏడవరు. చెప్పకుండా లేదంటేనే ఏడుస్తారు.

రెండు, పంచుకోవలెను. తండ్రి సిగరెట్టు తగ్గకుండా పిల్లల పాలు తగ్గకూడదు. కొడుకు సెల్‌ఫోను మారుతూ ఉండగా కూతురి ఫీజు ఆగకూడదు. కోత పైనుండి మొదలు కావలెను. ఎవరి మాట ఇంటిలో చెల్లుతుందో వారి కంచములో మొదట తగ్గవలెను.

మూడు, ఫలములో పాలు ఉండవలెను. మానుకొన్నవారి పేరు పాస్‌బుక్కులో ఉండవలెను, లేదా కనీసము లెక్క చూసే హక్కు ఉండవలెను. తిండి తగ్గించుకొన్నది ఒకరు, గొప్ప చెప్పుకొనేది మరొకరు కాకూడదు.

ఈ మూడు ఉంటే నెలకు వంద రూపాయలు మిగిల్చిన ఇల్లు కూడా నిజమైన పొదుపు చేసినట్లే. ఇవి లేకపోతే లక్ష మిగిల్చినా దాని క్రింద ఎవరో ఒకరి బాకీ ఉన్నట్లే. బయటివారితో వ్యవహారానికి కూడా ఇదే కొలత. మార్కెట్టులో నాలుగు దుకాణాలు తిరిగి చవకైనచోట కొనడము తెలివి. ఎండలో గంప మోసుకొని మన గుమ్మములోనికి వచ్చిన ఆకుకూరల అమ్మి దగ్గర రెండు కట్టలకు ఒక కట్ట ఉచితముగా లాగుకోవడము తెలివి కాదు. పెద్ద దుకాణములో వ్రాసిన ధర నోరెత్తకుండా ఇచ్చి వచ్చి, ఆమె దగ్గర మాత్రము బేరమాడడము ఎందుకో మనస్సాక్షిని అడగవలెను. ఆమె కాదనలేదని మనకు తెలుసు, అంతే కారణము.

ప్రియులారా, ఈ నెలాఖరున జీతము వచ్చిన రోజు సాయంత్రము ఒక పని చేయండి. టీవీ కట్టివేసి, ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చోండి. లెక్క పుస్తకము తీయండి. పోయిన నెల మిగిలిన సొమ్ము ప్రక్కన మూడు గడులు గీయండి. వృథా ఆపి మిగిల్చినది ఎంత? మన ఇష్టముతో మనము మానుకొన్నది ఎంత? ఇంకొకరిచేత మానిపించినది ఎంత? మూడవ గడి నింపేటప్పుడు పెన్ను ఇంటి యజమాని చేతిలో ఉండకూడదు. ఇల్లాలి చేతికి, పెద్దకుమార్తె చేతికి, ఇంటిలో ఉన్న ముసలి తల్లి చేతికి ఇవ్వండి. వారు వ్రాయుటకు సందేహిస్తే ఆ సందేహమే జవాబు అని గ్రహించండి.

ఆ గడిలో ఉన్న సొమ్ము ఎవరిదో వారికి తిరిగి ఇవ్వడముతో వచ్చే నెల మొదలుపెట్టవచ్చును. కళ్లజోడు కావచ్చు, దర్జీ బాకీ కావచ్చు, పనిమనిషికి కోసిన మూడు రోజుల జీతము కావచ్చు. పాస్‌బుక్కులో అంకె కొంచెము తగ్గుతుంది. ఆ మిగిలినది మాత్రము నిస్సందేహముగా మీది.